సుద్దగీతల ఇల్లు

జూన్ 4

తూనీగకు,

పెద్దకోడలు రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ మీ బావగారూ, అంతే కదా మేం.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని మీ ఆయన మళ్ళీ నవ్వి ఉంటాడు. నవ్వనీ. ఫోనులో అయితే ఒకరి క్షేమం ఒకరం అడిగేలోపే పోట్లాటకు దిగుతాం మనం. ఉత్తరంలో నేను అన్న మాటకు నువ్వు తిట్టే తిట్టు నాకు చేరేసరికి వారం పడుతుంది. ఈలోపు నా కోపం చల్లారుతుంది, నీది ఎలాగూ చల్లారదు. అత్తయ్య పోయిన ఏడు పెట్టుకున్న ఈ ఒప్పందం వల్లే మనం ఇంకా తోడికోడళ్ళుగా మిగిలాం. అన్నదమ్ములు ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటారు, మనం ఉత్తరాల్లో కొట్టుకుంటాం. ఎవరి పద్ధతి వారిది.

అసలు సంగతికి వస్తాను. మా వీధిలో యుద్ధం మొదలైంది. ఈ పేటలో ఒక స్థలానికి ఒక్క ఇల్లే ఉండాలన్న నిబంధన నీకు గుర్తుండే ఉంటుంది, మర్చిపోయే నిబంధన కాదు కదా మనకి. దాన్ని మారుస్తామంటోంది మునిసిపాలిటీ. పెరడు ఉన్నవాళ్ళు పెరట్లో ఇంకో చిన్న ఇల్లు వేసుకోవచ్చట. గోడకు గోడ ఆనించి వరస ఇళ్ళు కట్టుకోవచ్చట. దుకాణాల పైన కాపురాలు ఉండొచ్చట. అందుకు ముందు పేటవాళ్ళ మాట వింటారట, సెప్టెంబరులో సభ.

ఇంకేముంది, వీధి సంఘానికి నిద్ర పట్టడం లేదు. అధ్యక్షుడు మూలింటి పళ్ళ డాక్టరు. చిన్న ఇళ్ళు వస్తే చిన్న మనుషులు వస్తారని ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాడు. మీ బావగారు ఆయన వెనకాలే. "మరీ గుంపైపోతుంది. కారు ఎక్కడ పెట్టుకోవాలి?" అంటారు. ఉన్నది ఒక్క కారు, అది కూడా నెలకోసారి కదులుతుంది. కదిలినరోజు దానికి స్నానం, కదలనిరోజు కూడా స్నానం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వీళ్ళ వరస.

నేను ఊరుకుంటానా. రెండో పక్షంలో చేరాను. నా ఆల్టరేషన్ల కొట్టు పక్కన బేకరీ ఉంది కదా, దాని పైగదిలో సామాన్ల మధ్య కూర్చుని మాట్లాడుకుంటాం. ఆ బేకరీలో పనిచేసే అమ్మాయి గురించి నీకు రాయలేదు కదూ. బంగారం లాంటి పిల్ల. తెల్లవారకముందే వచ్చి పిండి కలపాలి, మళ్ళీ సాయంత్రం బేరం చూడాలి. ఉండేది రెండు బస్సుల అవతల. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళివస్తే పొద్దంతా బస్సులోనే పోతుంది. పిండి బస్తాల మీద కునుకు తీస్తుంటే చూడలేక మన వసారా పక్క గదిలో పడుకోమన్నాను. కిటికీ పక్క మంచం ఊరికే పడి ఉందిగా. నన్ను అక్కా అంటుంది.

మొన్న పెరడంతా కొలిచాను. ఎందుకో ఇప్పుడు చెప్పను.

కొట్టులో పని ఉంది, ఒకావిడ లావైంది, పదహారు జాకెట్లు తెచ్చి పడేసింది.

ఉంటాను,
పెద్దకోడలు


జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం చదివి సంతోషించాను అని రాయడం మర్యాద. రాశాను.

ఆ కిటికీ పక్క మంచం ఊరికే పడి లేదు. అది నాది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు దాని మీద బోర్లా పడుకుని, నువ్వు వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసే చప్పుడు వింటూ ఏడ్చేదాన్ని. నా ఏడుపంతా ఇంకిన మంచం. మూడేళ్ళు ఏడిస్తేగాని నువ్వు నన్ను చెల్లీ అనలేదు. ఆ అమ్మాయి రెండు బన్నులు ఇచ్చి అక్కా అనగానే గది తలుపు తీశావు. నా కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నానని అనుకుంటావేమో, అనుకో. పోసుకుంటున్నాను.

మా సంగతి. ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. ఎలా చెప్పాడో విను. షుగరు పరీక్షకని మా ల్యాబుకే వచ్చాడు. చెయ్యి చాపమన్నాను, పిడికిలి బిగించమన్నాను, సూది గుచ్చాను. అప్పుడు చెప్పాడు, "అమ్మాయ్, ఇల్లు అమ్మేస్తున్నాం, ఏడాది చివరికి చూసుకోండి" అని. సూది నా చేతిలో ఉండగా ఆ మాట అన్నాడంటే ధైర్యవంతుడే. అప్పటికే నరం దొరికింది గనక బతికిపోయాడు.

నెలంతా ఇళ్ళు చూస్తున్నాం. ఉంటే పెద్దపెద్ద ఫ్లాట్లు, లేదంటే ఒంటరి మగవాళ్ళకిచ్చే గదులు. భార్యాభర్తలిద్దరికి సరిపోయే ఇల్లు కట్టడం అందరూ ఒక్కసారే మానేసినట్టున్నారు. మొన్న ఒక చోట వంటగదిలో నేను నిలబడితే మీ మరిది వసారాలో ఉండాల్సి వచ్చింది. ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అని ఒక జోకు వేశాడు. ఇల్లు ఇంకా తీసుకోలేదు గనక వేశాడు.

మీ ఊళ్ళో మా ల్యాబు శాఖలో మనిషి కావాలని ఏడాదిగా అడుగుతున్నారు. "మీ ఆయనకేం, బస్సులు బాగుచేసేవాడికి ఏ ఊరైనా పనుంటుంది" అంటుంది మా పెద్దమేడం. అక్కడి అద్దెలు చూసి నోరు మూసుకున్నాను. ఆరేళ్ళ కిందట మేడ మీద వాటా వేసి ఇస్తాం రండి అని నువ్వు రాస్తే సామాను కట్టేశాం, గుర్తుందా. మునిసిపాలిటీ వద్దంది. కట్టిన మూటలు విప్పడానికి మనసొప్పక చాలారోజులు వాటి మధ్యే తిని వాటి మధ్యే పడుకున్నాం. అందుకని నిన్ను మళ్ళీ ఏదీ అడగను.

పెరడు ఎందుకు కొలిచావో మాత్రం చెప్పు.

ఇట్లు,
మంచం సొంతదారు


జులై 2

కోపాలమారికి,

పెరడు ఎందుకు కొలిచానంటే, టేపు మెడలో ఉంది గనక. చాలా?

ఇంటి సంగతి చదివాను. కంగారు పడకు, ఏదో ఒకటి అవుతుంది.

ఇక్కడ పని జోరుగా సాగుతోంది. నేనూ బేకరీ అమ్మాయీ సాయంత్రాలు గడప గడపా తిరుగుతున్నాం. పళ్ళ డాక్టరు గారి భార్య టీ ఇచ్చి, కూర్చోబెట్టి, అంతా విని, "మీరు చెప్పేది న్యాయమే, కానీ మా వీధిలో వద్దు" అంది. ఏ వీధిలోకి వెళ్ళినా ఈ మాటే. ఇంతా చేస్తే ఆవిడ పిల్లల్ని బడికి తీసుకెళ్ళే బస్సు డ్రైవరు, ఆవిడ ఇంట్లో వంటచేసే మనిషి, ఆవిడ మొగుడి క్లినిక్కులో నర్సు, ముగ్గురూ ఊరి అవతలి నుంచే వస్తారు. వీళ్ళందరూ మన పైగది సమావేశాలకు వస్తున్నారు. నేను వాళ్ళకి ఒకటే చెప్పాను. పిల్ల ఎదిగితే గౌను కుట్లు విప్పి వదులు చేస్తాం, పిల్లను కుదించం కదా. ఊరు ఎదిగింది, కుట్లు విప్పాలి. సభలో కూడా ఇదే చెప్పమన్నారు. మొన్నటి నుంచి అద్దం ముందు చెప్పి చూసుకుంటున్నాను. మీ బావగారు పేపరు అడ్డం పెట్టుకుంటున్నారు.

సరదాకి నేనూ ఆ అమ్మాయీ పెరటి గచ్చు మీద కుట్టుసుద్దతో ఒక ఇల్లు గీశాం. టేపు రెండో కొస ఆ అమ్మాయి పట్టుకుంది. రెండు గదులు, ఒక వంటిల్లు. కిటికీ తూర్పుకు పెట్టాం, మంచం మీద ఎండ పడేటట్టు. గుమ్మం మామూలు కంటే ఎత్తు ఉండాలన్నాను. "ఎందుకక్కా అంత ఎత్తు?" అంది. ఉండాలిలే అన్నాను. తడిసిన గొడుగు పెట్టుకునే చోటు ఉండాలని ఆ అమ్మాయి చెప్పింది, నాకు తట్టనే లేదు. గీసిన ఇంట్లో ఇద్దరం కూర్చుని బిస్కెట్లు తిన్నాం. మీ బావగారు వంటింటి కిటికీలోంచి చూసి, "పిచ్చి ముదిరింది" అన్నారు. పాపం ఆ పిల్లకి ఇల్లెంత అవసరమో నీకు తెలియదు. నీకైతే మొగుడున్నాడు, ఎక్కడో అక్కడ తలదాచుకుంటావు.

గీతల మధ్య కూర్చుంటే అత్తయ్య గుర్తొచ్చింది. ఇంత ఇల్లు, ఇంత పెరడు, తలుపు తీస్తే పూలమొక్కలు. అన్నీ వదిలి చివరి నాలుగేళ్ళు నీ అద్దెకొంపలో ఎందుకు ఉండిపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెద్దకోడలు సరిగ్గా చూడలేదు గనకే పోయిందని వీధంతా అనుకుంది. అననివ్వు. వేళకి కాఫీ, వేళకి మందు, ఏ లోటూ చెయ్యలేదు నేను. ఆవిడ మనసులో మొదటినుంచీ నువ్వే. నాకు కడుపుమంటే, దాచుకోను.

మంచం గురించి మళ్ళీ రాయకు, నవ్వొస్తుంది.

పెద్దకోడలు


జులై 14

పెద్దకోడలు గారికి,

సరదాకి ఎవరూ గుమ్మం ఎత్తు కొలవరు. ఆ అమ్మాయి అంత పొడుగా?

ఏకై వచ్చి మేకైందని ఊరికే అనలేదు పెద్దలు. ముందు మంచం, తరవాత గది, ఇప్పుడు పెరట్లో ఇల్లు. తూర్పు కిటికీ, గొడుగు చోటు. బిస్కెట్లు తింటూ గృహప్రవేశం కూడా చేసేశారు. మేం ఇక్కడ వీధి వీధీ తిరిగి, మా పెళ్ళయి ఎన్నేళ్ళు, పిల్లలెందుకు లేరు అని ప్రతి ఇంటివాడికీ జవాబు చెప్పుకుంటుంటే, మాకు "ఏదో ఒకటి అవుతుంది". ఆమెకు పాపం. ఆమెకు అవసరం. నాకు మొగుడున్నాడు గనక గోడలు అక్కర్లేదు.

ఒక్క మాట. ఆ స్థలంలో సగం మీ మరిదిది. మావయ్యగారు ఇద్దరి పేరా రాశారు. ఒక స్థలానికి ఒక్క ఇల్లు అన్న నిబంధన వల్ల మా సగం మాకు ఎందుకూ పనికిరాకుండా పోయింది, అయినా ఏనాడూ నోరెత్తలేదు. ఆ ఇల్లు మీరు ఉండేది, ఉండండి అనుకున్నాం. కానీ మా సగంలో పైవాళ్ళను కూర్చోబెట్టే హక్కు నీకు ఎవరిచ్చారు?

నేను ఇంకేమీ అనను. అనవలసింది అనవలసిన చోటే అంటాం.

అత్తయ్య మా దగ్గర ఎందుకు ఉండిపోయిందో నాకు తెలుసు. ఆవిడే చెప్పింది. నీకు చెప్పను.

చిన్నకోడలు


సెప్టెంబరు 20

తూనీగా,

రెండు నెలలు రాయలేదు. సభ అయ్యాక నీకు మంచి కబురు రాద్దామని ఆగాను. ఇప్పుడు ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

సభ నిన్న జరిగింది. నా పాత ఆకుపచ్చ చీర కట్టుకున్నాను, అదైతే చెమట కనిపించదు. హాలు నిండిపోయింది. ముందు బేకరీ అమ్మాయి మాట్లాడింది. "మీ పొద్దుటి రొట్టె నేను కాలుస్తాను. మీరు లేచేలోపు రెండు బస్సులు మారి వస్తాను. నాకు మీలాంటి ఇల్లు వద్దండీ. ఒక గది, ఒక పొయ్యి చాలు. అలాంటిది ఇక్కడ ఎక్కడా లేదు" అని చెప్పి కూర్చుంది. 

తరవాత నేను. గౌను, కుట్లు, అంతా చెప్పాను. జనం నవ్వారు, మంచి నవ్వే. అప్పుడు ఎవరికీ చెప్పని మాట చెప్పాను. "మా పెరట్లో చిన్న ఇల్లు వేస్తే మా మరిదీ తోడికోడలూ వచ్చి ఉంటారు. వాళ్ళని అక్కడ ఇల్లు ఖాళీ చేయమన్నారు. వాళ్ళ సగం స్థలంలో వాళ్ళని ఉండనివ్వండి" అన్నాను.

మీ బావగారు లేచారు. నా వైపు చూడలేదు. "మా తమ్ముడు నాకు ఫోను చేశాడండీ. ఆ పెరట్లో ఇంకో ఇల్లు లేవకూడదు, మా సగంలో మేం ఒప్పుకోం అన్నాడు. మా మరదలు దగ్గరుండి చెప్పించింది. ఎవరి కోసం అడుగుతున్నారో వాళ్ళకే వద్దంటే ఇంక ఈ గొడవంతా దేనికి?" అన్నారు.

హాలు నా వైపు తిరిగింది. పళ్ళ డాక్టరు తన పళ్ళన్నీ చూపించాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. నా తోడికోడలు నవ్వనైనా లేదు, నూటయాభై మంది చేత నవ్వించింది. నేను మైకు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఎవరో వచ్చి తీసుకున్నారు.

తీర్పు ఇది. మా వీధి స్థలాలకు పాత నిబంధనే ఉంటుంది, వీధివాళ్ళకే ఇష్టం లేదు గనక. రెండేళ్ళ తరవాత మళ్ళీ చూస్తారట. వీధి మొగలో దుకాణాల పైన మాత్రం కాపురాలు ఉండొచ్చట.

గుమ్మం ఎందుకు ఎత్తు పెట్టానో ఇప్పుడు విను. మా వంటింటి గుమ్మానికి మా మరిది తల కొట్టుకుని నుదుటి మీద బొప్పి కట్టని రోజుందా? కిటికీ తూర్పుకు ఎందుకంటే, ముఖాన ఎండ పడితేగాని నువ్వు లేవవు. డ్యూటీకి రోజూ ఆలస్యంగా వెళ్తావని అత్తయ్య మొత్తుకునేది. చెప్పలేదంటావు. ఎలా చెప్పనే? ఒకసారి చెప్పి మూటలు కట్టించి, ఆ మూటల మధ్య నిన్ను పడుకోబెట్టాను. ఈసారి తాళంచెవి చేతిలో పెట్టాకే నోరు విప్పాలనుకున్నాను.

మొన్నటి వానకి గీతలు చెరిగితే మళ్ళీ గీశాను. అవి ఇంకా అక్కడే ఉన్నాయి. పెరటి తలుపు తీయడం మానేశాను.

మీ బావగారితో మాట్లాడటం లేదు. ఆయన కాఫీ ఆయనే పెట్టుకుంటున్నారు, చేదుగా ఉందని నాకు వినపడేలా అంటున్నారు.

పెద్దకోడలు


అక్టోబరు 6

అక్కా,

ల్యాబులో నీ ఉత్తరం తెరిచాను. ఆ రోజు మూడు చేతులకు నరం తప్పాను. ఒక ముసలాయన, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని నన్నే అడిగాడు.

కుళ్ళుకున్నానక్కా. ఇంకో మాట లేదు దానికి. నీ ఇల్లు చూసి ఎప్పుడూ కుళ్ళుకోలేదు, ఒట్టు. నీ పక్కన ఇంకొకతె టేపు కొస పట్టుకుని నిలబడిందంటే ఓర్చుకోలేకపోయాను. ఆ టేపు కొస నేను పట్టుకునేదాన్ని. పాత దుప్పటి చింపి కర్టెన్లు కుట్టినప్పుడు, కొలత తప్పానని నువ్వు నా నెత్తి మీద మొట్టినప్పుడు, నేనే కదా పట్టుకున్నది. ఆదివారం ఫోనులో మీ మరిది వద్దు వద్దంటుంటే పక్కన కూర్చుని మోచేత్తో పొడిచి చెప్పించాను. ఆయన ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. అక్కడ మీరిద్దరూ, ఇక్కడ మేమిద్దరం. నాలుగు మూతులు, మాటే లేదు.

అయినా నీ మీద కూడా కోపం ఉంది, అది కూడా రాస్తాను. ఆశపెట్టడం ఇష్టం లేకపోతే గుమ్మం, కిటికీ అని ఊరించడం ఎందుకు? ఊరికే ఉండలేవు నువ్వు. సగం చెప్పి సగం మింగుతావు. ఆ మింగిన సగాన్ని నేను నాకు తోచిన విషంతో నింపుకున్నాను.

అత్తయ్య సంగతి చెబుతాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో నీకు తెలిసే ఉంటుంది. నన్నే ఎంచుకుందని నువ్వు అనుకుంటుంటే నాకు బాగుండేది.

ఆవిడ నన్ను ఎంచుకోలేదు. మా వసారాను ఎంచుకుంది. ఇక్కడ నాలుగు ఇళ్ళ తలుపులు ఒకే వసారాలోకి తెరుచుకుంటాయి. చూడటానికి వచ్చిన మొదటిరోజే కుర్చీ అక్కడ వేయించుకుంది. ఎదురింటి పిల్ల లెక్కలు చేసుకునేది, పక్కింటావిడ బట్టలు మడతపెడుతూ మొగుణ్ణి తిట్టేది, ఈవిడ మధ్యలో తీర్పులు చెప్పేది. ఒకరోజు అంది, "అక్కడ తలుపు తీస్తే గేటు కనిపిస్తుందే. ఇక్కడ తలుపు తీస్తే మనిషి కనిపిస్తుంది. పెద్దది నన్ను బాగానే చూసుకుంటుంది, కాదనను. అది కొట్టుకు పోయి, వాడు బ్యాంకుకు పోయాక, ఆ ఇంట్లో నా దగ్గు నాకే వినిపిస్తుంది." నా వంట గురించి మాత్రం నీ వంట ముందు దిగదుడుపే అని పక్కింటావిడకి చెప్పేది. నేను విన్నాను.

ఇంకా ఇల్లు దొరకలేదు. దొరుకుతుందిలే. నువ్వు రాసినట్టే రాస్తున్నాను, ఏదో ఒకటి అవుతుంది.

తిట్టాలనిపిస్తే తిట్టు, రాయడం మాత్రం మానకు.

తూనీగ


నవంబరు 11

తూనీగకు,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. అంతా కాదు, వాళ్ళ అమ్మ అన్న మాటలు. పేపరు కిందికి దించారు. పెరటి వైపు చూసి, "అమ్మ నాతో ఎప్పుడూ అనలేదే" అన్నారు. మీరెప్పుడు ఇంట్లో ఉన్నారు కనక అన్నాను. ఆ రోజు నుంచి ఆయన కాఫీ నేనే పెడుతున్నాను.

అత్తయ్య నన్ను కాదనలేదని తెలిసి ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. నువ్వు ఇన్నేళ్ళు దాచావని గుర్తొచ్చి మర్నాడు పొద్దున తినలేదు. లెక్క సరిపోయింది, ఇక ఆ మాట వదిలేద్దాం.

ఇప్పుడు నిదానంగా చదువు. బేకరీ యజమాని మా కొట్టు మీదిదాకా ఉన్న పైఅంతస్తును నాలుగు చిన్న ఇళ్ళుగా మారుస్తున్నాడు, మన సభలో దక్కిన ముక్క అదే. గోడలు లేచాయి, నీళ్ళ గొట్టాలు వేస్తున్నారు. నాలుగు తలుపులూ ఒకే వసారాలోకి. ఒకటి బేకరీ అమ్మాయి తీసుకుంది. రెండు అప్పుడే పోయాయి. నాలుగోది అడగడానికి నేను వెళ్ళేసరికే ఎవరో ఆపి ఉంచారన్నాడు. ఎవరని చూస్తే ఆ అమ్మాయే. "మీ చెల్లెలికి చెప్పండక్కా, మళ్ళీ మళ్ళీ దొరకవు" అంది. నువ్వు తన గురించి ఏమేం రాశావో ఆమెకు తెలియదు. నాకు తెలుసు గనక నా తల నేలకి వంగింది.

అద్దె మీకు అందేదే, నేను అడిగాను. కిటికీ తూర్పుకు లేదు. గుమ్మం మామూలు ఎత్తే, మా మరిది వంగాలి. పక్కగోడ ఆ అమ్మాయిది, ఆమె తుమ్మితే నీకు వినిపిస్తుంది. ఓర్చుకోగలవా?

ఈసారి సగం మింగలేదు. ఉన్నదంతా రాశాను.

పెద్దకోడలు


నవంబరు 19

అక్కా,

వస్తున్నాం. ల్యాబులో బదిలీకి అడిగాను, మా పెద్దమేడం ఎగిరి గంతేసింది, నేను పోతున్నందుకో ఏమో. మీ మరిది మళ్ళీ మాట్లాడుతున్నాడు, ఇప్పుడు ఆపడం కష్టంగా ఉంది.

ఓర్చుకోగలనో లేదో తెలియదు. ప్రయత్నిస్తాను. ఆ అమ్మాయితో నేనే మాట్లాడతాను, మధ్యలో నువ్వు దూరకు.

నా మంచం మాత్రం నాకు కావాలి. ఆ మాటలో మార్పు లేదు.

మూటలు కట్టుకుంటూ,
తూనీగ


మార్చి 9

తూనీగకు,

ఒకే వీధిలో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుపడి చెబుదామని మూడుసార్లు మెట్ల దాకా వచ్చాను. చెబితే పోట్లాట అవుతుంది, ఒప్పందం ఒప్పందమే. పోస్టులో వెయ్యడం దండగ. మీ ఆయన సాయంత్రం అన్నగారితో చదరంగానికి వస్తాడుగా, చేతికిచ్చి పంపుతున్నాను. వీళ్ళిద్దరూ ఆటలో ఎత్తు వెయ్యడానికి తీసుకునేంతసేపులో నేను రెండు జాకెట్లు వదులు చేస్తాను. తమ్ముడు ఓడిపోతే వాకిలి దాకా సాగనంపుతారు మీ బావగారు, గెలిస్తే మీ ఇంటిదాకా వచ్చి మళ్ళీ ఒక ఆటంటారు. వీధి సంఘంలో పేరు ఉంది గానీ ఈ మధ్య సమావేశాలకు పోవడం లేదు. నిన్న కారు కడుగుతూ నీళ్ళు సుద్దగీతల మీదికి పారబోతుంటే బక్కెట్టు అటు తిప్పి పోశారు. నేను చూడలేదనుకున్నారు. వచ్చే సభకి ఇంకా ఏడాదిన్నర ఉంది, చూద్దాం.

నా బాధ అది కాదు.

కొట్టులో కూర్చుంటే పైన మీ వసారా నా నెత్తి మీదే. మంచం లోపల పట్టలేదని వసారాలో వేసుకున్నారని మొదట్లో జాలిపడ్డాను. ఇప్పుడు సాయంత్రమైతే మంచానికి ఆ కొసన ఆ అమ్మాయి, ఈ కొసన నువ్వు. మిగిలిపోయిన బన్నులు, టీ. ఎవరెవరి నరాలు ఎక్కడ దాక్కుంటాయో నువ్వు చెప్పడం, ఆమె పడీపడీ నవ్వడం. మొన్న ఇద్దరూ ఒకే రంగు ఊలుతో ఏదో అల్లుతున్నారు. నన్ను కొలతైనా అడగలేదు. నిన్నటి నవ్వు మా గేటు దాకా వినిపించింది. నేను గేటు వేసి లోపలికి వెళ్ళాను, పూలమొక్కలకి నీళ్ళు పోశాను, టీవీ పెట్టాను, తీసేశాను. దగ్గు వచ్చింది. నా దగ్గు నాకే వినిపించింది.

ఏడాది కిందట ఆ పిల్లను నేనే చేరదీశాను. నిన్ను రమ్మన్నది నేనే. మీరిద్దరూ ఎదురుపడితే నువ్వు మండిపోతావని అనుకున్నాను, నవ్వుకోవడానికి సిద్ధంగా ఉన్నాను కూడా. తీరా చూస్తే మండుతున్నది నేను. ఆమెను నాకు కాకుండా చేశావు, నిన్ను నాకు కాకుండా చేసింది. అడుగుతున్నాను, నాకు ఏం మిగిల్చారు?

జవాబు రాయకు. రేపు సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి పైకి వస్తాను. ఆ మంచం మీద ముగ్గురికి చోటు లేదని మాత్రం చెప్పకండి. ఈ పొద్దున మీరిద్దరూ పనికి పోయాక వచ్చి కొలిచాను. పడతాం.

కాస్త జరగండి.

మీ ఇద్దరి అక్క